విదేశీ సంతల్లో జంతువులు కొనే సర్కారు ఖర్చుకు ఒక్క వాక్యంతో అడ్డుకట్ట: అమెరికా తెలుగువాళ్లు చేయగలిగిన పని

ల్యాన్‌హామ్ శివవిష్ణు గుడికి వెళ్లే మేరీల్యాండ్ తెలుగువాళ్లకు బెల్ట్స్‌విల్ పొలాలు కొత్త కాదు. పార్క్‌వే దిగి పౌడర్ మిల్ రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా పైరు, గడ్డి, మధ్యలో పాత ఇటుక భవనాలు. అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, పరిశోధన కేంద్రం అది. 1910 నుంచీ ఉంది. అందులో ఒక లాబ్‌లో 1982 నుంచి పిల్లికూనల మీద టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పరిశోధన నడిచింది. కూనకు ఆ పరాన్నజీవి ఉన్న పచ్చి మాంసం పెట్టేవారు. రెండు మూడు వారాలు దాని మలంలోంచి ఊసిస్ట్‌లు, అంటే ఆ పరాన్నజీవి గుడ్ల లాంటివి, పోగుచేసుకునేవారు. ఆ తర్వాత కూనను చంపేసేవారు.

2019 మార్చిలో జంతు ప్రయోగాలకు పన్ను డబ్బు వాడొద్దని పోరాడే వైట్ కోట్ వేస్ట్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. దాని ప్రకారం ఈ ప్రయోగాల కోసం కొలంబియా, బ్రెజిల్, వియత్నాంల నుంచి 400 పైచిలుకు కుక్కలను, చైనా, ఇథియోపియాల నుంచి 100 పైచిలుకు పిల్లులను సేకరించి చంపారు. వాటిలో కొన్ని ఆసియా మాంసం సంతల్లో కొన్నవి. వాటి అవయవాలను బెల్ట్స్‌విల్ లాబ్‌లోని పిల్లులకు, ఎలుకలకు తినిపించారు. ఆ ఏడాది ఏప్రిల్ 2న యూఎస్‌డీఏ ఈ పిల్లి ప్రయోగాలు ఆపేస్తున్నామని ప్రకటించింది. మిగిలిన 14 పిల్లులను ఉద్యోగులే పెంచుకోవడానికి తీసుకువెళ్లారు.

నన్ను ఆకట్టుకున్నది నివేదికలోని ఘోరం కాదు, దాని ఆధారాలు. దొంగచాటుగా తీసిన వీడియో ఏదీ లేదు. చాలావరకు ఆ శాస్త్రవేత్తలు సొంతంగా అచ్చువేసుకున్న పేపర్లే. ఓపికున్నవాళ్లు ఎవరైనా చదివి పట్టుకోగలిగినవే.

మీరు అమెరికాలో పన్ను కడుతున్నారా? అయితే ఇలాంటి ఖర్చు ఇంకెక్కడైనా ఉందేమో వెతకడం, ఉంటే దానికి కాంగ్రెస్ చేత అడ్డుకట్ట వేయించడం మీ చేతుల్లో కూడా ఉంది. ఆ అడ్డుకట్ట ఖర్చుల బిల్లులో చేర్పించే ఒకే ఒక్క వాక్యం. (కాంగ్రెస్ అంటే ఇక్కడ చట్టసభ. గాంధీభవన్ గుర్తొస్తే నా తప్పు కాదు.) పౌరసత్వం లేదని జంకకండి. సమాచారం అడిగే చట్టం ఎవరికైనా వర్తిస్తుంది, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కూడా మీ జిల్లా ప్రతినిధికి ఉత్తరం రాయొచ్చు. ఒక్క జాగ్రత్త: గ్రీన్‌కార్డు కూడా లేనివాళ్లు ఎన్నికల చందాలు ఇవ్వకూడదు. అది నేరం.

1. ముందు ఏ ఖర్చు ఆపాలో తేల్చుకోండి

"వెట్ మార్కెట్లు మూయించాలి" అంటూ మొదలుపెడితే పని అక్కడే ఆగుతుంది. చైనాలోనో వియత్నాంలోనో సంత మూయించడం అమెరికా చట్టసభ పని కాదు. తన ఖజానా తాళం మాత్రం దాని చేతిలోనే ఉంది.

పైగా ఆ మాటలోనే గందరగోళం ఉంది. వెట్ మార్కెట్ అంటే కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే మామూలు బజారు. మన మోండా మార్కెట్ లాంటిది. అందులో కొన్నిచోట్ల ప్రాణాలతో కోళ్లు అమ్ముతారు, ఇంకా తక్కువ చోట్ల అడవి జంతువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021 ఏప్రిల్‌లో సంతలన్నీ మూసేయమనలేదు, ఆహార సంతల్లో బతికున్న అడవి క్షీరదాల అమ్మకం ఆపమంది. 2002-03లో సార్స్ వచ్చినప్పుడు గ్వాంగ్‌డాంగ్ సంతల్లోని పునుగుపిల్లుల మీదికి వేలు వెళ్లింది. ఈ జాగ్రత్త మాట అక్కడి నుంచే మొదలైంది.

ఇంకో తేడా ఉంది, ఇదే అసలైనది. సంతలో జంతువును డబ్బిచ్చి కొనడం వేరు, సంతలో కోడి గొంతులో పుల్ల పెట్టి నమూనా తీసుకోవడం వేరు. 2013లో చైనాలో హెచ్7ఎన్9 బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు రోగం ఎక్కడినుంచి వస్తోందో చెప్పింది కోళ్ల సంతల్లో తీసిన నమూనాలే. షాంఘై లాంటి నగరాల్లో ఆ సంతలు మూశాక కేసులు బాగా తగ్గాయి. అలాంటి నిఘాకు కూడా డబ్బు ఆగిపోయేలా వాక్యం రాయించారంటే మీరు మంచి చేయబోయి చెడు చేసినట్టే. కాబట్టి కాగితం మీద మొదట రాసుకోవాల్సింది ఇది: "నాకు అభ్యంతరం కొనుగోలు మీద. నమూనాల మీద కాదు."

మీ అభిప్రాయం వేరైతే వేరుగా రాసుకోండి. ఏదో ఒకటి మాత్రం రాసుకోండి. రేపు మీ ప్రతినిధి ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న ఇదే.

2. ఖర్చు జాడ పట్టుకోండి

యూఎస్ఏ స్పెండింగ్ డాట్ గవ్ అనే సైటులో ఫెడరల్ గ్రాంట్లు, కాంట్రాక్టులు ఎవరికి ఎంత వెళ్లాయో ఉంటుంది. 2006లో వచ్చిన పారదర్శకత చట్టం పుణ్యమది. దేశం పేరు పెట్టి వెతకండి. ఆపైన సబ్-అవార్డుల పేజీ తెరవండి. అమెరికా సంస్థకు వచ్చిన గ్రాంటు నుంచి విదేశీ సంస్థకు పంచినది అక్కడ కనిపిస్తుంది. ఇకోహెల్త్ అలయన్స్ అనే అమెరికా సంస్థ గ్రాంటులోంచి వుహాన్ వైరాలజీ సంస్థకు వెళ్లిన డబ్బు అలాంటి సబ్-అవార్డే.

అయితే సంతలో పిల్లిని కొన్న రసీదు ఈ సైటులో దొరుకుతుందనుకోకండి. అది నాలుగు నోట్లిచ్చి చేతిలో పెట్టించుకునే బేరం. చిన్న మొత్తాలు ఈ లెక్కల్లోకి రావు. కనుక తలకిందులుగా వెళ్లాలి, డబ్బు నుంచి జంతువుకి కాదు, జంతువు నుంచి డబ్బుకి.

వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైటు పబ్‌మెడ్ తెరవండి. రోగం పేరు, దేశం పేరు, దాంతోపాటు "లోకల్ మార్కెట్", "మీట్ మార్కెట్", "లైవ్ యానిమల్ మార్కెట్" లాంటి మాటలు కలిపి వెతకండి. దొరికిన పేపర్లో సారాంశం చదివి ఊరుకోవద్దు, "మెటీరియల్స్ అండ్ మెథడ్స్" భాగానికి వెళ్లండి. జంతువులు ఎక్కడివో ఒక్క వాక్యంలో అక్కడే ఉంటుంది, అదీ ఎవరూ పట్టించుకోరన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత చివర్న "అక్నాలెడ్జ్‌మెంట్స్" చూడండి, గ్రాంటు నంబరు అక్కడ ఉంటుంది. ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంటయితే ఆ నంబరును ఎన్ఐహెచ్ రిపోర్టర్ సైటులో కొట్టండి, ఏ ఏడాది ఎంత ఇచ్చారో వస్తుంది. యూఎస్‌డీఏ లాబ్ అయితే దాని పరిశోధన విభాగం ఏఆర్ఎస్ సైటులో ప్రాజెక్టు నంబర్లు, ఏటేటా నివేదికలు ఉంటాయి.

ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోండి. పేపరు పేరు, ఏడాది, జంతువు, ఎన్ని, ఎక్కడ కొన్నారు (పేపర్లో ఉన్న మాట ఉన్నట్టే), గ్రాంటు నంబరు, ఏ శాఖ. మన సాఫ్ట్‌వేర్ జనానికి ఇది పెద్ద పని కాదు. ఒక శనివారం మధ్యాహ్నంలో ఇరవై పేపర్లు తిరగేయొచ్చు. "మార్కెట్" అని కనబడగానే ఎగిరి గంతేయకండి. కొన్నిసార్లు అది కబేళా నుంచి తెచ్చిన మేక గుండె కావచ్చు. ఆ తేడా మీరే ముందు రాసుకోకపోతే రేపు ఎదుటివాళ్లు పట్టుకుంటారు.

3. ఫోయా అర్జీ పెట్టండి

ఫోయా అంటే మన ఆర్‌టీఐకి పెద్దన్న. 1966 నాటి చట్టం. ఫోయా డాట్ గవ్ నుంచి ఏ శాఖకైనా పంపొచ్చు. చట్టం ప్రకారం 20 పనిదినాల్లో బదులు రావాలి. వస్తుందని లెక్కేసుకుని సెలవు పెట్టుకోవద్దు.

నా మొదటి అర్జీ ఒక శాఖకు ఇలా రాశాను: "విదేశీ సంతల్లో కొన్న జంతువులకు సంబంధించిన అన్ని పత్రాలూ ఇవ్వండి." నెలలు గడిచాక ఉత్తరం వచ్చింది, కాగితాలు కాదు. 'మీరడిగింది మరీ విస్తారంగా ఉంది, కుదించండి, లేకపోతే మూసేస్తాం' అని సారాంశం. కోపం వచ్చింది కానీ తప్పు నాదే. "అన్నీ" అని అడిగితే వెతికే గుమాస్తా ఏ బీరువా తెరవాలి?

రెండోసారి ఇలా అడిగాను: ఫలానా ప్రాజెక్టు నంబరు, ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు, మూడే మూడు రకాల కాగితాలు. జంతు ప్రయోగాల కమిటీ ఆమోదించిన ప్రొటోకాల్, కొనుగోలు ఆర్డర్లు లేదా ఖర్చు బిల్లులు, విదేశం నుంచి కణజాలం తేవడానికి తీసుకున్న దిగుమతి పర్మిట్లు. ఈసారి కాగితాలు వచ్చాయి. సగం మీద నల్ల పట్టీలు, పక్కన "బీ-6", "బీ-4" అని గుర్తులు. బీ-6 అంటే వ్యక్తుల గోప్యత, బీ-4 అంటే వ్యాపార రహస్యం. పేర్లు కొట్టేస్తే కొట్టేయనివ్వండి, మనకు పేర్లతో పనిలేదు. "దిగుమతి పర్మిట్" కాగితం మాత్రం బంగారం. ఏ దేశం నుంచి, ఏ జంతువు, ఏ అవయవం అన్నది అందులో రాసి తీరాలి.

మామూలు మనుషులకు రెండు గంటల వెతుకులాట, 100 పేజీల కాపీలు ఉచితం. ఫీజు మాఫీ కూడా అర్జీలోనే అడగండి, ప్రజలకు ఎందుకు ఉపయోగమో రెండు వాక్యాలు రాయండి. కాదంటే అప్పీలుకు కనీసం 90 రోజుల గడువు ఉంటుంది. వాడుకోండి. అప్పీలు చేసేవాళ్లు తక్కువ, చేస్తే కొన్ని పట్టీలైనా ఊడతాయి.

4. వాక్యం రాయండి

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. "నిషేధ చట్టం తేవాలి" అంటారు. విడి చట్టం అంటే ఏళ్ల యాతన. పైన చెప్పిన పిల్లుల విషయంలోనే కిట్టెన్ యాక్ట్ అని 2018లో ఒకసారి, 2019లో మరోసారి బిల్లు పెట్టారు, రెండు పార్టీలవాళ్లూ కలిసే పెట్టారు. అది చట్టం కాలేదు. ఒత్తిడికి శాఖే తలొగ్గింది.

ప్రతి ఏడాదీ తప్పకుండా కదిలేవి ఖర్చుల బిల్లులు, అప్రోప్రియేషన్స్. మొత్తం 12. వాటిలోకి ఎక్కించే చిన్న షరతును రైడర్ అంటారు, బస్సు ఫుట్‌బోర్డు మీద ఎక్కినట్టు. దాని మొదలు ఎప్పుడూ ఒకటే: "నన్ ఆఫ్ ద ఫండ్స్ మేడ్ అవైలబుల్ బై దిస్ యాక్ట్ మే బీ యూజ్డ్ టు..." ఈ చట్టం ఇచ్చే డబ్బులో పైసా కూడా ఫలానా దానికి వాడకూడదు అని.

ఎందుకు ఇలా తిరగేసి చెప్పడం? ప్రతినిధుల సభ 21వ నిబంధన ప్రకారం ఖర్చు బిల్లులో కొత్త చట్టం చేయకూడదు. "శాఖ విచారణ జరపాలి, నివేదిక ఇవ్వాలి" అని సవరణ రాస్తే ఎవరో ఒకరు లేచి అభ్యంతరం చెప్తారు, వాక్యం ఎగిరిపోతుంది. "డబ్బు వాడకూడదు" అంటే నిలుస్తుంది. చెయ్యమని చెప్పలేం, వద్దని చెప్పొచ్చు.

మిగతా సగం మాటలు మీరు తూచి పెట్టాలి. బెల్ట్స్‌విల్ కథనే పక్కన పెట్టుకుని పరీక్షించుకుందాం.

"బతికున్న జంతువులు కొనరాదు" అని రాశారనుకోండి. అక్కడ లాబ్‌లో తినిపించింది నాలుకలు, గుండెలు, మెదళ్ల లాంటి అవయవాలు. జంతువును అక్కడే కోయించి కణజాలం పెట్టెలో తెప్పిస్తే మీ వాక్యం కిందనుంచి జారిపోతుంది. కాబట్టి "జంతువు గానీ, దాని అవయవం, కణజాలం గానీ" అని చేర్చండి.

"శాఖ కొనరాదు" అని రాశారనుకోండి. శాఖ కొనదు. గ్రాంటు తీసుకున్న విశ్వవిద్యాలయం కొంటుంది, అది కూడా కాదంటే వాళ్ల సబ్-గ్రాంటీ కొంటాడు. అందుకని "గ్రాంటీ, సబ్-గ్రాంటీ, కాంట్రాక్టరు ద్వారా కొనుగోలుకు తోడ్పడటం కూడా" అనాలి.

"వెట్ మార్కెట్" అని వాడకండి, దానికి చట్టంలో అర్థం తేలదు. "తిండి కోసం ప్రాణాలతో జంతువులను అమ్మే విదేశీ సంత" అని వర్ణించండి. ఏ జంతువులో కూడా చెప్పండి: కుక్కలు, పిల్లులు, అడవి క్షీరదాలు. కోళ్లను ఇందులోకి లాగకండి. చివర్న ఒక మినహాయింపు: రోగ నిఘా కోసం జంతువును కొనకుండా, చంపకుండా నమూనా తీయడానికి ఇది వర్తించదు. మినహాయింపు పెడితే బలం తగ్గుతుందని మా మిత్రుడొకడు వాదించాడు. నా లెక్కలో అదే బలం. ఆ ఒక్క ముక్క వల్ల అంటురోగాల నిపుణులు మీకు ఎదురు నిలబడరు.

చిల్లు వదిలితే ఏమవుతుందో గుర్రాల కథ చెప్తుంది. 2005 చివర్లో గుర్రాల కబేళాల తనిఖీదారుల జీతాలకు డబ్బు ఇవ్వకూడదని కాంగ్రెస్ రైడర్ పెట్టింది. తనిఖీ లేకపోతే మాంసం అమ్మలేరు, కబేళా మూతపడుతుందని ఎత్తు. వ్యవసాయ శాఖ ఏం చేసింది? కబేళాలే ఫీజు కట్టి తనిఖీ చేయించుకోవచ్చని 2006లో కొత్త నిబంధన తెచ్చింది. ఖజానా డబ్బు కాదు కదా! అది కోర్టులో కొట్టేసేసరికి 2007 వచ్చింది.

5. ఏ బిల్లు, ఎప్పుడు

"దిస్ యాక్ట్" అన్నారంటే ఆ ఒక్క బిల్లు డబ్బుకే కట్టు. యూఎస్‌డీఏ డబ్బు వ్యవసాయ బిల్లులో, ఎన్ఐహెచ్, సీడీసీ (రోగ నియంత్రణ సంస్థ) డబ్బు లేబర్-హెచ్‌హెచ్ఎస్ (కార్మిక, ఆరోగ్య శాఖల) బిల్లులో, రక్షణ శాఖ పరిశోధన డిఫెన్స్ బిల్లులో. విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ 2009లో మొదలుపెట్టి దాదాపు 20 కోట్ల డాలర్లు పెట్టిన, జంతువుల్లో కొత్త వైరస్‌లు వెతికే ప్రెడిక్ట్ కార్యక్రమం లాంటివి విదేశీ సాయం బిల్లు కిందికి వచ్చేవి. మీ షీటులో చివరి గడి, "ఏ శాఖ", ఇప్పుడు పనికొస్తుంది. ఎక్కువ ఎంట్రీలు ఏ శాఖవో ఆ బిల్లుతో మొదలుపెట్టండి.

ఖర్చుల సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, అడగాల్సింది మాత్రం అంతకు ముందు వసంతంలోనే. సభ్యుల వెబ్‌సైటుల్లో "అప్రోప్రియేషన్స్ రిక్వెస్ట్" అని ఫారం పెడతారు, తరచు మార్చి అటూ ఇటూగా గడువు. జూన్‌లో వెళ్లి అడిగితే నవ్వి పంపిస్తారు. ఫారంలో "లాంగ్వేజ్ రిక్వెస్ట్" ఎంచుకోండి, డబ్బు అడిగే పెట్టె కాదు. అందులో కూడా రెండుంటాయి: బిల్లు వాక్యం, రిపోర్టు వాక్యం. రిపోర్టు అంటే బిల్లుతోపాటు కమిటీ ఇచ్చే వివరణ. అందులో రాసింది శాఖకు సలహా, చట్టం కాదు. "రిపోర్టులో పెట్టిస్తాం లెండి" అంటే థాంక్స్ చెప్పి మళ్లీ బిల్లు వాక్యమే అడగండి.

6. ఆఫీసుకు వెళ్లండి

మిమ్మల్ని కలిసేది సభ్యుడు కాదు, లెజిస్లేటివ్ అసిస్టెంట్. పాతికేళ్ల పిల్లో పిల్లాడో. చిన్నవాళ్లని తేలిగ్గా చూడకండి. కాగితం పైకి వెళ్లాలా చెత్తబుట్టకా అన్నది వాళ్లే తేలుస్తారు. పదిహేను నిమిషాలు ఇస్తారు.

ఒక్క పేజీ పట్టుకెళ్లండి. పైన మీ వాక్యం, మధ్యలో మూడు ఉదాహరణలు (పేపరు, గ్రాంటు నంబరు, మెథడ్స్‌లోని మాట యథాతథంగా), కింద పాత ఉదాహరణ ఒకటి. దానికి క్లాస్-బీ డీలర్ల సంగతి బాగా పనిచేస్తుంది: ఎక్కడెక్కడి కుక్కలనో పిల్లులనో పోగేసి లాబ్‌లకు అమ్మే డీలర్లకు లైసెన్సులివ్వడానికి డబ్బు వాడకూడదని 2016 ఖర్చు చట్టంలో రైడర్ వచ్చింది. అంటే మీరడుగుతున్నది వింత కాదు, దారి ముందే పడి ఉంది. విదేశీ ప్రయోగశాలల గురించి "ఎన్ఐహెచ్ చూసుకుంటుంది కదా" అంటే 2023 నాటి జీఏఓ (కాంగ్రెస్ తరఫున ఖర్చులు తనిఖీ చేసే సంస్థ) నివేదిక చూపించండి. ఆ సంస్థలు తమ గురించి తాము చెప్పుకున్నదాని మీదే ఎన్ఐహెచ్ ఆధారపడుతోందని అది తేల్చింది.

పిల్లికూనల ఫొటోలు తీసుకెళ్లొద్దు. చైనాను తిట్టొద్దు. తిట్టడం మొదలుపెడితే మీ కాగితం జంతువుల గదిలోంచి రాజకీయాల గదిలోకి మారిపోతుంది, రెండో పార్టీ ఆఫీసు తలుపు మూసుకుంటుంది. ఈ పనికి రెండు పార్టీలూ కావాలి: ఒకరికి "వృథా ఖర్చు" అన్న మాట వినిపిస్తుంది, ఇంకొకరికి "జంతు హింస" అన్నది. రెండూ నిజమే కాబట్టి ఎవరికి ఏది వినిపిస్తే అది ముందు చెప్పండి. వీలైతే మీతో ఒక వెటర్నరీ డాక్టరును తీసుకెళ్లండి, మన తెలుగు సంఘాల్లో వెతికితే ఒకరిద్దరు దొరక్కపోరు.

వారం తర్వాత ఒక ఈమెయిల్. రెండు వారాల తర్వాత ఫోన్. అంతకంటే వెంటపడితే విసుక్కుంటారు.

7. వాక్యం దొరికాక

రైడర్ ఆయుష్షు ఒక ఏడాది. గుర్రాల రైడరే చూడండి: ఏటేటా వస్తూ వచ్చింది, 2011 నవంబర్ బిల్లులో చప్పుడు లేకుండా మాయమైంది. కబేళాలు తెరుస్తామని కంపెనీలు దరఖాస్తులు పెట్టుకున్నాయి. మళ్లీ 2014 జనవరిలో గానీ వాక్యం తిరిగి రాలేదు.

బడ్జెట్ తేలక, పాత లెక్కనే కొన్నాళ్లు నడిపే కంటిన్యూయింగ్ రిజల్యూషన్ పెడితే కంగారు పడకండి. పాత షరతులు మామూలుగా అలాగే కొనసాగుతాయి. కొత్త వాక్యాలు ఎక్కవు, అంతే. భయం ఉన్నది కొత్త బిల్లు వచ్చినప్పుడే. సబ్‌కమిటీ బిల్లు పాఠం బయటపెట్టిన రోజున పీడీఎఫ్ దింపుకోండి. వందల పేజీలు చదవక్కర్లేదు. వెతికే పెట్టెలో మీ వాక్యంలోంచి ఇంకెక్కడా రాని ఒక మాట కొట్టండి, "సబ్-గ్రాంటీ" కాదు, అది చాలాచోట్ల ఉంటుంది, "సోల్డ్ ఫర్ ఫుడ్" లాంటిది. సున్నా ఫలితాలు వచ్చాయా, ఆ అసిస్టెంట్‌కు అదే సాయంత్రం ఫోన్ చేయండి. మార్కప్‌కు, అంటే కమిటీ కూర్చుని బిల్లును సవరించే సమావేశానికి, సాధారణంగా ఒకటి రెండు రోజులే మిగిలి ఉంటాయి.